ఆఫీసు ఫైలులో అనిషినాబె ఆడబిడ్డ: మేరీ బాల్డ్విన్

కొమురం భీం, రాంజీ గోండుల కథలు వింటూ పెరిగినవాళ్లం మనం. నేల కోసం కొట్లాడిన మూలవాసులు సముద్రాల అవతలా ఉన్నారు. అమెరికా, కెనడాల నడుమ మహా సరస్సుల చుట్టూ బతికే అనిషినాబె ప్రజలు అలాంటివాళ్లే. వాళ్లలో ఓజిబ్వేలను చిప్పెవాలని కూడా అంటారు. ఆ జాతి ఆడబిడ్డ మేరీ లూయిస్ బాటినో బాల్డ్విన్ గురించి మన యువతకు చెప్పాలనుకున్నాం.

మేరీ 1863లో, నేటి నార్త్ డకోటాలోని పెంబినాలో పుట్టారు. తండ్రి వకీలు. ఆయన ఆఫీసులోనే ఆమె గుమాస్తాగా పని నేర్చుకున్నారు. 1892లో ప్రభుత్వం టర్టిల్ మౌంటెన్ చిప్పెవాల భూమి దాదాపు కోటి ఎకరాలకు పది లక్షల డాలర్లు లెక్కగట్టింది. అంటే ఎకరానికి పది సెంట్లు! ఈ అన్యాయం మీద తండ్రి వాషింగ్టన్‌లో ఏళ్ల తరబడి పోరాడారు. మేరీ ఆయనకు తోడుగా నిలిచారు. అయినా 1904లో ఆ ఒప్పందానికి ఆమోదం పడింది.

అదే ఏడాది మేరీ ఇండియన్ వ్యవహారాల కార్యాలయంలో ఉద్యోగంలో చేరారు. మూలవాసుల పిల్లల చేత సొంత భాష, వేషం మాన్పించాలని చూసిన కార్యాలయం అది. తెల్లవాళ్ల పద్ధతులకు మారడమే మేలని మొదట్లో ఆమె కూడా నమ్మారు. క్రమంగా ఆ ఆలోచన మారింది. 1911లో ఉద్యోగుల ఫైలు కోసం ఫోటో ఇవ్వాల్సి వస్తే, జడలు అల్లుకుని తమ జాతి దుస్తుల్లోనే దిగారు. ఆ ఫోటో నేటికీ ఉంది.

తండ్రి పోయాక, యాభై ఏళ్లు దగ్గరపడుతున్న వయసులో ఆమె లా కాలేజీలో చేరారు. 1913లో ఆడవాళ్ల ఓటు హక్కు కోసం వాషింగ్టన్‌లో జరిగిన పెద్ద ఊరేగింపులో నడిచారు. 1914లో పట్టా అందుకున్నారు. ఆ కాలేజీలో చదువు పూర్తిచేసిన మొదటి మూలవాసీ మహిళ ఆమే.

మూలవాసులు తామే నడుపుకున్న అమెరికన్ ఇండియన్ల సంఘంలోనూ ఆమె ముందున్నారు. అనిషినాబె ఆడవాళ్లకు తమ సమాజంలో ఎంత గౌరవం, ఎంత మాట చెల్లుబాటు ఉండేవో సభల్లో చెప్పారు. సర్కారు కొలువు చేసేవాళ్లు జాతికి ఎలా నమ్మకంగా ఉంటారని ఆ సంఘంలోనే కొందరు నిలదీశారు. ఆ మాటలు పడుతూనే ఆమె పనిచేశారు. 1952లో లాస్ ఏంజిల్స్‌లో కన్నుమూశారు.

చెల్లెళ్లారా, తమ్ముళ్లారా! రేపు మీలో చాలామంది ఆఫీసుల్లో, కోర్టుల్లో కూర్చుంటారు. ఉద్యోగం కోసం మన గోత్రం, మన మాట, మన కట్టు దాచుకోనక్కర్లేదు. అక్కడి కాగితాలు చదవడం నేర్వండి, మన నేల లెక్క కూడా ఆ కాగితాల్లోనే ఉంటుంది. మేరీ బాల్డ్విన్‌కు మా జోహార్లు.