వేలూరు డాక్టరమ్మ – ఐడా సోఫియా స్కడ్డర్

మన కడప, కర్నూలు జిల్లాలలో ఇంట ఎవరికైనా పెద్ద జబ్బు చేసిన యెడల, వేలూరికి తీసుకొని పోవుదమన్న మాట తప్పక వినబడును. ఎద్దులనమ్మి, పుస్తెలు కుదువపెట్టి కాట్పాడిలో రైలు దిగిన కుటుంబములు మన సంఘములలోనూ కలవు. ఆ ఆసుపత్రికి పునాది వేసిన తల్లి జీవితమును మన సంఘస్థులు తెలిసికొనుట మేలు.

ఐడా స్కడ్డర్ 1870 డిసెంబరు 9వ తేదీన రాణిపేటలో జన్మించారు. తాత, తండ్రి ఇద్దరును వైద్య మిషనరీలే. వారి ఆర్కాటు మిషను మన సీమకు పరాయిది కాదు. ఆ మిషనుకు చెందిన డాక్టర్ జేకబ్ ఛేంబర్లేన్ 1863 నుండి సేవచేసిన మదనపల్లె, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడు వరకు కడప జిల్లాలోనిదే. మన పెద్దలు ధాత కరువని చెప్పుకొను 1876–78 నాటి క్షామములో, ఆకలితో వచ్చిన పిల్లలకు రొట్టెముక్కలు పంచిన వారిలో పసిపిల్లయైన ఐడా కూడ ఒకరు. ఆ దృశ్యములు ఆమె మనస్సును బెదరగొట్టినవి. అమెరికాలో చదువుకొని అక్కడనే సుఖముగా స్థిరపడవలెనని ఆమె కోరిక.

1890లో తల్లికి జబ్బుచేసినందున ఆమె తిండివనమునకు వచ్చారు. అక్కడ ఒక రాత్రి ముగ్గురు పురుషులు ఒకరి తరువాత ఒకరు వచ్చి తలుపు తట్టారు. ఒకరు బ్రాహ్మణులు, ఒకరు ముస్లిములు, మరియొకరు మరో అగ్రకులస్థులు. ముగ్గురి ఇండ్లలోను భార్యలు ప్రసవవేదనలో ఉన్నారు. తనకు వైద్యము రాదనియు, తండ్రిగారు వచ్చెదరనియు ఐడా చెప్పగా, పరపురుషుని లోపలికి రానీయలేమని ముగ్గురును వెనుదిరిగారు. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును చనిపోయారు.

ఈ సంఘటన చెప్పునప్పుడు ఆ భర్తల మూఢత్వమును నిందించుట మనకు అలవాటు. ఐడా నిందించుచు కూర్చుండలేదు. ఆ ఇండ్లలోనికి పోగల వైద్యురాలు లేనందువలన ఆ ప్రాణములు పోయినవి గనుక, ఆ లోటు తీర్చుట తన పని అని ఎంచుకొన్నారు. రోగి మన వద్దకు రాలేకపోయినప్పుడు అడ్డము ఎక్కడ ఉన్నదో వెదకవలసిన భారము వైద్యునిదే. ఆమె జీవితమంతటికి ఈ ఒక్క నియమమే మూలము.

1899లో కోర్నెల్ వైద్య కళాశాలలో పట్టము పొంది, 1900 జనవరిలో వేలూరు చేరారు. న్యూయార్కులోని షెల్ అను ధనవంతుడు తన భార్య జ్ఞాపకార్థము ఇచ్చిన పదివేల డాలర్లు ఆమె వెంట ఉన్నవి. కొన్ని నెలలకే తండ్రిగారు కన్నుమూశారు. మొదట బంగళాలోనే, ఒక్క మంచముతో వైద్యము ప్రారంభించారు. 1902లో 40 పడకల మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి తెరవబడినది.

ఆసుపత్రి కట్టినంత మాత్రమున పల్లెజనము రాలేదు. కూలి పోవునన్న చింత, కత్తి అన్న భయము, నాటు మందులపై నమ్మకము వారిని ఆపినవి. అందుచేత ఐడా మోటారు బండిలో మందులు వేసికొని, నర్సులతో గుడియాత్తము దారిన ప్రయాణమయ్యేవారు. జనము చెట్ల క్రింద కాచుకొని ఉండేవారు. పుండ్లు కడిగి కట్టు కట్టుట, కండ్లలో మందు వేయుట, కష్టమైన రోగిని ఆసుపత్రికి చేర్చుట అక్కడనే జరిగేవి. వారము వారము మరల పోవుటలోనే దాని బలమంతయు ఉన్నది. కట్టు కట్టినవారే తిరిగి వచ్చి విప్పి చూచినప్పుడు, కట్టు ఎందుకు తడవరాదో రోగికి తానుగా తెలియును.

ఇంత పని ఒక్క మనిషివలన కాదని గ్రహించి 1909లో నర్సుల బడి, 1918లో స్త్రీల వైద్య పాఠశాల స్థాపించారు. ఆడపిల్లలు వైద్యము చదువుటకు వచ్చెదరా అని పలువురు సందేహించిన ఆ కాలములో 151 దరఖాస్తులు వచ్చినవి. తొలి జట్టులో చదువు ముగించినవారు 14 మంది. 1942లో అది ఎం.బి.బి.యస్. కళాశాల అయినది, 1947లో పురుషులకును ప్రవేశము కలిగినది. ఆ సంస్థకు తొలి భారతీయ డైరెక్టరైన డాక్టర్ హిల్డా మేరీ లాజరస్ విశాఖపట్నములో పుట్టినవారు. ఐడా 1960 మే 24వ తేదీన కోడైకెనాలులో తమ 89 యేండ్ల వయస్సులో కన్నుమూశారు.

ఆమె నాటి మూసిన తలుపులు నేడు చాలవరకు తెరచుకొన్నవి. అయితే కాగితములు ఇంకను మూసియే ఉన్నవి. చదువురాని తల్లి చేతిలో ఇంగ్లీషులో వ్రాసిన చీటీ పెట్టి పంపివేయుదురు. ఆపరేషనుకు ఒప్పుకొన్నట్లు వేలిముద్ర వేయించుకొందురు గాని, ఏమి చేయబోవుచున్నారో ఆమెకు చెప్పరు, ప్రక్కనున్న మగవానికి చెప్పుదురు. క్షయరోగికి కనీసము ఆరు నెలలు మందు మ్రింగవలసి ఉండగా, రెండు నెలలకే దగ్గు తగ్గినదని మానివేయువారున్నారు. రోగము తిరుగబడి, ఆ మందునకు లొంగకుండ పోవచ్చును. అప్పుడు రోగి మాట వినలేదని అందుము. తగ్గినట్లు కనబడినను లోపల రోగము మిగిలి ఉండునని అతనికి అర్థమగునట్లు ఎవరు చెప్పారు?

మంచి సమరయుడు గాయములు కట్టుటతో విడిచిపెట్టలేదు. పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చి, తాను మరల వచ్చునప్పుడు మిగిలినది తీర్చెదనని చెప్పి వెళ్లెను. మరల వచ్చి చూచుట కూడ వైద్యములో భాగమే.

మన సంఘములలో నర్సులు, కాంపౌండర్లు, ఆరోగ్య కార్యకర్తలు, వైద్యులు అనేకులున్నారు. రోగి వినుచున్నాడా అని చూచుట, అతని చేతనే తిరిగి చెప్పించుట, అతని జబ్బు సంగతి వీధిలో మాట్లాడకుండుట వారి వృత్తిధర్మము. తక్కిన వారమును ఊరకుండరాదు. చదువు వచ్చినవారు ఇరుగుపొరుగు వారి మందుచీటీ చదివి చెప్పవచ్చును. ఆసుపత్రికి తోడు పోయినప్పుడు, రోగి అడగలేని ప్రశ్న అడుగుటకు ధైర్యము చెప్పవచ్చును. ఐడా అమ్మగారి పేరు తలచుకొనువారికి ఈ చిన్న పని బరువు కాబోదు.