ఫ్రాంజ్ రోజెన్‌జ్వైగ్

ఫ్రాంజ్ రోజెన్‌జ్వైగ్ (డిసెంబర్ 25, 1886 - డిసెంబర్ 10, 1929) జర్మనీకి చెందిన యూదు తత్వవేత్త, అనువాదకుడు. మతం మారడానికి సిద్ధపడి, చివరకు యూదుడిగానే నిలిచి, యూదుల తోరా పఠనానికీ పండుగలకూ తాత్విక వ్యాఖ్యానం రాసినవాడిగా ప్రసిద్ధుడు.

బాల్యం, విద్య

ఈయన కాసెల్ నగరంలో ఒక సంపన్న కుటుంబంలో ఏకైక సంతానంగా జన్మించాడు. ఇంట్లో యూదు ఆచారాలు నామమాత్రంగానే ఉండేవి. మొదట వైద్యశాస్త్రం చదివి, తరువాత చరిత్ర, తత్వశాస్త్రాల వైపు మళ్ళాడు. హెగెల్ రాజకీయ చింతనపై పరిశోధించి 1912లో డాక్టరేటు పొందాడు.

1913 శరదృతువు

1913 జూలైలో లైప్‌జిగ్‌లో మిత్రుడు యూజెన్ రోజెన్‌స్టాక్‌తో ఒక రాత్రి సాగిన చర్చ తరువాత క్రైస్తవం స్వీకరించాలని నిశ్చయించుకున్నాడు. రోజెన్‌స్టాక్ కూడా యూదు కుటుంబంలో పుట్టి క్రైస్తవుడైనవాడే. అయితే ఆదిమ క్రైస్తవుల వలె తాను యూదుడిగానే ఆ మతంలోకి వెళ్ళాలని రోజెన్‌జ్వైగ్ భావించాడు. ఆ అక్టోబరులో ప్రాయశ్చిత్త దినాన (యోమ్ కిప్పుర్) బెర్లిన్‌లోని ఒక యూదు సమాజమందిరంలో ప్రార్థనలకు హాజరయ్యాడు. ఆ నెలాఖరున, తాను యూదుడిగానే ఉండిపోతున్నానని బంధువు రుడాల్ఫ్ ఎరెన్‌బర్గ్‌కు లేఖ రాశాడు. మందిరంలో కలిగిన అనుభవాన్ని గురించి మాత్రం ఈయన ఏమీ రాయలేదు. అందువల్ల ఆ ఒక్క రోజే ఈయన జీవితాన్ని మార్చిందన్న ప్రసిద్ధ కథనాన్ని ఇటీవలి పరిశోధకులు కొందరు అంగీకరించరు.

విమోచన నక్షత్రం

మొదటి ప్రపంచ యుద్ధంలో బాల్కన్ రంగంలో సైనికుడిగా ఉండగా, 1918 ఆగస్టులో తన ప్రధాన గ్రంథం "విమోచన నక్షత్రం" రచన ప్రారంభించాడు. సైనికుల పోస్టుకార్డుల మీద రాసి ఇంటికి పంపేవాడు. 1921లో ఇది ప్రచురితమైంది. చాలా కఠినమైన గ్రంథం. అయినా యూదుల సంవత్సర క్రమాన్ని వివరించే మూడవ భాగం సామాన్య పాఠకునికి కొంత సులభం.

యూదులు తోరాను వారానికొక భాగం చొప్పున విశ్రాంతి దినాన చదువుతూ సంవత్సరంలో పూర్తి చేస్తారు. శరదృతువులో ద్వితీయోపదేశకాండం ముగిసిన వెంటనే ఆదికాండం మొదలవుతుంది. ఈ ఆవృత్తిలోనే ఒక జాతి నిత్యత్వాన్ని రోజెన్‌జ్వైగ్ చూశాడు. యూదులు ప్రార్థనలో సాధారణంగా మోకరించరు. కొత్త సంవత్సరం, ప్రాయశ్చిత్త దినం ఇందుకు మినహాయింపు. ఈ మోకరింపు క్షమాభిక్ష కోసం కాదనీ, దైవ సాన్నిధ్యాన్ని ప్రత్యక్షంగా గుర్తించడమనీ ఈయన వివరణ. ఆనాడు ధరించే తెల్లని వస్త్రం శవవస్త్రమే; బ్రతికి ఉండగానే మనిషి మరణవేళలో వలె ఒంటరిగా దేవుని ఎదుట నిలుస్తాడు. అయిదు రోజుల్లోనే వచ్చే పర్ణశాలల పండుగ అతనిని మళ్ళీ నేల మీదికి, బాటసారి జీవితానికి తెస్తుంది.

చివరి సంవత్సరాలు

1920లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో వయోజనులకు స్వేచ్ఛా యూదు విద్యాలయం స్థాపించాడు. 1922లో కండరాలను క్షీణింపజేసే నాడీవ్యాధి సోకింది. చేతులు, ఆపై మాట పడిపోయాయి. ఈయన సైగలను బట్టి భార్య ఎడిత్ ఒక్కొక్క అక్షరమే ఊహించి రాసేది. ఈ స్థితిలోనే 1925 నుండి మార్టిన్ బూబర్‌తో కలిసి హీబ్రూ బైబిలును జర్మన్‌లోకి అనువదించాడు. యెషయా గ్రంథం వద్ద ఉండగా మరణించాడు. బూబర్ దానిని 1961లో జెరూసలేంలో పూర్తి చేశాడు. అప్పటికి, ఆ అనువాదాన్ని చదవవలసిన జర్మనీ యూదు సమాజం నాజీల చేతిలో నాశనమైపోయింది.