డబుల్ అనే మాటకు రెండర్థాలు: ఈలీ కల్బర్ట్‌సన్ జీవితం

మన తెలుగువారు సెలవు తీసుకొనేటప్పుడు వెళతామనరు, వస్తామంటారు. మూడవ తరం వారమైన మేము సాయంకాలపు తరగతిలో తెలుగు నేర్చుకొనేటప్పుడు ఈ మాట మమ్మల్ని తికమకపెట్టింది. బ్రిడ్జి పేకాటలో డబుల్ అనే మాటా అటువంటిదే. మాట ఒకటి, భావం వేరొకటి. దానిని లక్షలాది మందికి నేర్పినవారు ఈలీ కల్బర్ట్‌సన్.

ఆయన 1891లో రుమేనియాలో జన్మించారు. తండ్రి అమెరికా దేశపు గనుల ఇంజనీరు, తల్లి రష్యా వనిత. 1917 నాటి రష్యా విప్లవంలో కుటుంబపు ఆస్తి పోయింది. పేకాటే జీవనాధారమైంది. 1921లో అమెరికా చేరి, 1923లో బ్రిడ్జి నేర్పే ఉపాధ్యాయురాలైన జోసెఫిన్‌ను వివాహమాడారు. 1929లో బ్రిడ్జి వరల్డ్ పత్రిక స్థాపించారు.

బ్రిడ్జిలో ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఒక జట్టు. ముక్కలు చూపరాదు, సైగలు చేయరాదు. వేలంపాటలోని కొద్ది మాటలతోనే చేతిలోని బలం తెలుపుకోవాలి. డబుల్ మొదట శిక్షగా పుట్టింది. ఎదుటివారు తమ పాట నెగ్గలేరని, ఓడితే ఎక్కువ నష్టపోవలెనని దాని అర్థం. కాని ఎదుటివారు ఒక ఇస్పేటు పాడగానే, దానిని ఓడించగల చేయి అరుదు. అందుచేత 1910 దశకంలోనే అమెరికా ఆటగాళ్ళు దానికి మరొక అర్థమిచ్చారు: నాకు ఇస్పేట్లు తక్కువ, మిగిలిన జాతులు బాగున్నవి, నీ మంచి జాతి పాడుమని. కల్బర్ట్‌సన్ దీనిని తమ పద్ధతిలో నియమంగా చేర్చారు. భాగస్వామి ఏమీ పాడకముందు తక్కువ పాటపై పలికితే అది ప్రశ్న. భాగస్వామి పాడిన తరువాత పలికితే శిక్ష.

ఇంగ్లండులో కల్నల్ బుల్లర్ ఇటువంటి సంకేతాలు అక్కరలేదని వాదించారు. 1930లో లండనులో 200 చేతుల పోటీ జరిగింది. కల్బర్ట్‌సన్ జట్టు 4,845 పాయింట్ల ఆధిక్యంతో గెలిచింది. ఆ జట్టులోని థియోడర్ లైట్నర్ మరొక డబుల్ కనిపెట్టారు. ఎదుటివారు 12 లేక 13 పట్లకు పాడినప్పుడు, మొదటి ముక్క వేయవలసినవారికి భాగస్వామి ఇచ్చే హెచ్చరిక అది. మామూలు ముక్క వేయవద్దని దాని అర్థం. తరచు డబుల్ అన్నవారి చేతిలో ఒక జాతి పూర్తిగా లేకపోవును. ఆ జాతి వేస్తే తురుపుతో పట్టు కొట్టవచ్చును.

1931 డిసెంబరులో సిడ్నీ లెంజ్‌తో న్యూయార్కులో 150 రబ్బర్ల పోటీ మొదలైంది. లెంజ్ భాగస్వామి జాకబీ భేదాభిప్రాయంతో మధ్యలోనే తప్పుకొన్నారు. 1932 జనవరిలో కల్బర్ట్‌సన్ పక్షం 8,980 పాయింట్ల తేడాతో గెలిచింది.

తరువాత కాలం మారింది. 1937లో బుడాపెస్టులో ఆయన జట్టు ఆస్ట్రియా చేతిలో ఓడింది. 1938లో జోసెఫిన్‌తో వివాహం రద్దయింది. భాగస్వాముల అవగాహనే తమ విద్యగా చేసుకొన్న మనిషికి ఇంటిలో అది నిలువలేదు. పిమ్మట ఆయన ప్రపంచశాంతి ప్రణాళికలు వ్రాశారు. 1955 డిసెంబరులో కన్నుమూశారు.

రెండేళ్ళకే, 1957లో, ఆల్విన్ రాత్, టోబియాస్ స్టోన్ ఆయన శిక్షగా ఉంచిన చోటనే కొత్త అర్థం పెట్టారు. భాగస్వామి ఒక డైమను పాడి, ఎదుటివారు ఒక ఇస్పేటు పాడినప్పుడు, డబుల్ అంటే నాకు ఆఠీన్లున్నవని సూచన. ఆ ఏడు ఎగిరిన స్పుత్నిక్ పేరే దానికి వచ్చింది. నేడు పోటీలలో అదే వాడుక.

ఒకనాడు మేము భాగస్వామి అడిగిన డబుల్‌ను శిక్షగా తలచి మౌనం వహించాము. ఎదుటివారు సులభంగా నెగ్గారు. మా మిత్రుడు ఒక్క మాట అనలేదు. ఆ మౌనమే మమ్మల్ని ఎక్కువ బాధించింది. మాటకు అర్థం ఆటకు ముందే కుదుర్చుకోవాలి, ఎదుటివారికీ తెలియజేయాలి. ఇది బ్రిడ్జి నియమం. సంసారానికీ సంఘానికీ కూడా ఇది పనికివచ్చునని మా నమ్మకం.