నారుమడిని పెంచిన గురువు – జనాబ్ రహీం సాబ్

ఎల్లారెడ్డికి చేరువలో మంజీరా నదిపై 1931లో పూర్తయిన నిజాంసాగరు కట్ట క్రింద వరి పండించే రైతును ఎవరినైనా అడగండి. పంట ఎట్లా ఉండబోతున్నదని అడిగితే ఆయన ముందుగా పొలం వైపు చూడడు, నారుమడి వైపు చూస్తాడు. నారు పలుచగా ఉంటే పొలం ఎంత సారవంతమైనదైనా ప్రయోజనం లేదు. మడిలో నారు ఒత్తుగా ఉంటే నాట్లలో కొంత చచ్చినా తిరిగి నాటుకొనవచ్చు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచిన మహనీయుడు రైతు కాడు. పాఠశాల ఉపాధ్యాయుడు, ఫుట్‌బాల్ శిక్షకుడు. అయినప్పటికీ ఆయన జీవితాన్ని తరచి చూచిన కొలదీ మాకు ఈ నారుమడియే మాటిమాటికీ గుర్తుకు వచ్చింది.

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదు జనులకు రహీం సాబ్. 1909వ సంవత్సరం ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యాభ్యాసం చేస్తూ ఆ విశ్వవిద్యాలయ జట్టులో ఆడారు. పిదప కమర్ క్లబ్బు తరఫున స్థానిక లీగు పోటీలలో పేరు గడించారు. వృత్తి చేత ఉపాధ్యాయులు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు, ఇవి ఆయన పాఠం చెప్పిన బడులు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, కడపటి రెండు పాఠశాలలలో క్రీడల బాధ్యతను కూడా స్వీకరించారు. నేటి విద్యార్థులు చాలామందికి ఆయన పేరు 2024లో విడుదలైన హిందీ చిత్రం వలననే తెలిసి ఉండవచ్చు. చలన చిత్రంలో పోటీలు, విజయాలు, కన్నీళ్ళు కనిపిస్తాయి. కాని ఒక బడిపంతులు పిల్లల నడుమ నిలబడి, వీరిలో రేపటివాడు ఎవడు అని వెదకిన ఏండ్లు తెరపైకి అంత సులభంగా ఎక్కవు. మా దృష్టిలో ఆయన గొప్పదనం ఆ ఏండ్లలోనే ఉన్నది.

1940ల తొలినాళ్ళ నుండి తుదిశ్వాస విడిచే వరకు ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులైనారు. ఈ రెండు పదవులూ ఒకే వ్యక్తి చేతిలో ఉండుట వలన కలిగిన ఫలితాన్ని పాఠకులు గమనించాలి. నగరంలోని చిన్న క్లబ్బుల పోటీలను నడిపేది ఆయనే, వాటిలో ఆడిన కుర్రవాళ్ళను ఎంచి పెద్ద జట్టుకు తీసికొని పోయేదీ ఆయనే. బడి, వీధి క్లబ్బు, రెండవ తరగతి లీగు, మొదటి తరగతి లీగు, ఆపై పోలీసు జట్టు. ఇట్లా మెట్టు మీద మెట్టుగా ఒక సోపానం ఏర్పడింది. పోలీసు శాఖలో ఆటగానికి ఉద్యోగం కూడా దొరికేది గనుక, పేదింటి బిడ్డ ఆటను నమ్ముకొని బ్రతకవచ్చునన్న ధైర్యం తల్లిదండ్రులకు కలిగింది.

ఇటువంటి ఏర్పాటు ప్రపంచంలో మరొకచోట, మరొక ఆటలో ఉన్నది. అమెరికా దేశస్థులు ప్రాణప్రదంగా చూచుకొనే బేస్‌బాల్ ఆటలో ప్రతి పెద్ద జట్టుకు చిన్న పట్టణాలలో పిల్ల జట్లు ఉంటాయి. పడుచు ఆటగాళ్ళు అక్కడ అంచెలంచెలుగా ఆడి, పండిన తరువాత పెద్ద జట్టుకు చేరుతారు. ఆ ఏర్పాటును వారు పొలం అనే అర్థం గల ఫార్మ్ అన్న మాటతోనే పిలుస్తారు. సెయింట్ లూయీ నగరపు జట్టును నడిపిన బ్రాంచ్ రికీ అనే ఆయన 1920లలో దీనిని స్థిరపరచారు. ఆయన జట్టు వద్ద ధనం లేదు. పెద్ద నగరాల జట్లు పేరుపొందిన ఆటగాళ్ళను కొనుక్కొని పోతూ ఉంటే, కొనలేని వాడు పెంచుకొనక తప్పదని ఆయన గ్రహించారు. 1926లో ఆ జట్టు దేశ విజేత అయింది. నేడు ఆ దేశంలో, 1981లో స్థాపితమైన బేస్‌బాల్ అమెరికా వంటి పత్రికలు, ఏ జట్టు మడిలో ఎంత నారు ఉన్నది, అందులో ఏ మొక్క మొదటిది, ఏది పదవది అని వరుస కట్టి ప్రకటిస్తూ ఉంటాయి. జట్టు ఇప్పుడెట్లా ఆడుతున్నది అన్నది ఒక లెక్క. నాలుగేండ్ల తరువాత ఆడవలసినవారు ఎందరున్నారు అన్నది మరొక లెక్క. పండితులు రెండవ లెక్కనే ఎక్కువ శ్రద్ధతో చూస్తారు.

హైదరాబాదు పరిస్థితియూ సెయింట్ లూయీ వంటిదే. కలకత్తాలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మడన్ స్పోర్టింగు వంటి ప్రసిద్ధ క్లబ్బులు ఉండేవి. వాటికి లక్షలాది అభిమానులు, ధనబలం. రహీం సాబ్ చేతిలో ఉన్నది పిల్లలు మాత్రమే. ఆ పిల్లల కొరకు ఆయన పెట్టిన పోటీలు విచిత్రమైనవి. ఒక పోటీలో బంతిని కాళ్ళ మధ్య త్రిప్పుకుంటూ పోరాదు, అందుకొన్న వెంటనే తోటివానికి అందించవలసిందే. మరొక పోటీలో బలహీనమైన కాలితోనే ఆడాలి. చిన్న పిల్లలకు, పొట్టివారికి ప్రత్యేకమైన పోటీలు. పైకి ఇవి వినోదంగా తోచవచ్చు. లోతుగా ఆలోచిస్తే ఇవన్నీ వడబోతలు. బంతిని త్రిప్పుతూ చప్పట్లు కొట్టించుకొనే కుర్రవాడు మామూలు పోటీలో అందరికంటె ముందు కనబడతాడు. ఆ త్రిప్పడం నిషేధించిన పోటీలో వాని అసలు బుద్ధి ఎంతదో బయటపడుతుంది. నిశ్శబ్దంగా ఖాళీ జాగా చూచి బంతిని పంపేవాడు అక్కడ మొదటి వరుసకు వస్తాడు. యువకులను ఎంచుటలో అతి కష్టమైన పని ఇదే. నేడు గోలు వేసినవాడు ఎవడో పదివేల మంది చూస్తారు, రేపు వేయగలవాడు ఎవడో చూడగల కళ్ళు అరుదు.

తులసీదాస్ బలరాం కథ అందుకు నిదర్శనం. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన ఈ కుర్రవాణ్ణి రహీం సాబ్ చిన్న తరగతి పోటీలో చూచి, రాష్ట్ర జట్టు ఎంపికకు రమ్మన్నారు. అంత దూరం రోజూ వచ్చి పోవడానికి ఆ ఇంట డబ్బు లేదు. సైకిలు అద్దె ఖర్చును గురువే ఇచ్చారని బలరాం తరువాతి కాలంలో కృతజ్ఞతతో చెప్పుకొన్నారు. ఒక సైకిలు అద్దెతో దేశానికి ఒక మహా క్రీడాకారుడు దక్కినాడు. హైదరాబాదు జట్టు 1956–57లోను, 1957–58లోను వరుసగా సంతోష్ ట్రోఫీ గెలిచింది.

పోలీసు జట్టు విజయాలను క్లుప్తంగా చెప్పి ముందుకు పోతాము. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా 5 సార్లు గెలిచింది. డ్యూరాండ్ కప్పును రహీం సాబ్ కాలంలో 4 పర్యాయములు తెచ్చింది. 5 ఏండ్లు ఎడతెగక గెలవడం 11 మంది వల్ల అయ్యే పని కాదు. ఒకనికి గాయం తగులుతుంది, ఒకనికి వయసు మీద పడుతుంది, ఒకడు మరొక ఊరికి పోతాడు. ఆ ఖాళీలోకి వచ్చి నిలబడేవాడు ముందే తయారై ఉండాలి.

భారత జట్టు శిక్షకులుగా ఆయన చరిత్ర సుప్రసిద్ధం. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో ఇరానును 1–0తో ఓడించి స్వర్ణ పతకం. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10–1తో ఘోర పరాజయం. మనవారిలో పలువురు ఆ చలిలో వట్టి కాళ్ళతో ఆడారు. ఈ ఓటమిని దాచిపెట్టి జీవిత చరిత్ర వ్రాయడం మాకు సమ్మతం కాదు. ఆ ఓటమి తరువాతనే మన జట్టు బూట్లు తొడిగింది, ఆటతీరు మారింది. హంగరీ జట్టు 1953లో ఇంగ్లండును దాని సొంత మైదానంలో ఓడించిన కొత్త పద్ధతిని ఆయన ఆకళింపు చేసికొన్నారు. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో మన జట్టు ఆస్ట్రేలియాను 4–2తో గెలిచి సెమీ ఫైనలు చేరి, నాల్గవ స్థానంలో నిలిచింది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్, బలరాం మొదలైనవారు హైదరాబాదు మైదానాల బిడ్డలే. హిందూ, ముస్లిం, క్రైస్తవ బాలురు ఉర్దూ, తెలుగు, తమిళ భాషలలో ఒకరినొకరు పిలుచుకుంటూ ఒకే మడిలో పెరిగారు. రెండు భాషల మన పత్రికలో ఈ మాట వ్రాయడం మాకు ప్రత్యేక ఆనందం.

1960 రోమ్ ఒలింపిక్సుకు ఎంపికైన వారిలో రహీం సాబ్ కుమారుడు హకీం కూడా ఉన్నారు. హంగరీతో 1–2, ఫ్రాన్సుతో 1–1, పెరూతో 1–3గా మూడు పోటీలు ముగిశాయి. మూడింటిలో ఒక్కదానిలోనూ కుమారునికి మైదానంలో దిగే అవకాశం రాలేదు. 1962 జకార్తా జట్టులో ఆయన పేరే లేదు. తరువాత అంతర్జాతీయ రెఫరీగా కీర్తి పొంది 2021లో కన్నుమూసిన ఆ కుమారునికి ఆనాడు ఎట్లా ఉండి ఉంటుందో ఊహించవచ్చు. తండ్రికి ఇంకెట్లా ఉండి ఉంటుందో! ఎంపిక సంఘాలలో కూర్చున్న పెద్దలు ఈ ఘట్టాన్ని మరొకసారి చదువుకొన్నా తప్పు లేదు.

ఇక జకార్తా. ఊపిరితిత్తుల కాన్సరు ఆయన శరీరాన్ని తినివేస్తున్న రోజులవి. మొదటి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓటమి. రక్షణ పంక్తికి మూలస్తంభమైన జర్నైల్ సింగుకు థాయిలాండు పోటీలో తల పగిలి కుట్లు పడ్డాయి. గోల్‌కీపర్ తంగరాజ్ జ్వరపీడితుడు. స్థానిక ప్రేక్షకులు రాజకీయ కారణాల వలన మన జట్టుపై ఆగ్రహంతో ఉన్నారు. ఇటువంటి వేళ శిక్షకుని మడిలో ఏమున్నదో తేలుతుంది. గోలు వద్ద ప్రద్యుత్ బర్మన్ నిలిచారు. రక్షణలో అరుణ్ ఘోష్ భారం వహించారు. పోటీల ఒత్తిడిలో ఏ స్థానంలో నిలిపినా ఆడగల యూసుఫ్ ఖాన్, అఫ్జల్, బలరాం హైదరాబాదు నుండి వచ్చినవారే. కుట్లు పడిన జర్నైల్‌ను రక్షణ నుండి తీసి సెంటర్ ఫార్వర్డుగా పంపడం రహీం సాబ్ చేసిన సాహసం. సెమీ ఫైనలులో దక్షిణ వియత్నాముపై 3–2తో గెలుపు. సెప్టెంబరు 4న తుది పోటీకి తంగరాజ్ కోలుకొని గోలు వద్దకు తిరిగి వచ్చారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, తలకు కట్టుతో జర్నైల్ ఒక గోలు. మునుపు ఓడించిన కొరియాపైనే 2–1తో స్వర్ణ పతకం!

తొమ్మిది నెలలు గడిచాయి. 1963 జూన్ 11న రహీం సాబ్ పరమపదించారు. వయస్సు 53 సంవత్సరాలు. భారత ఫుట్‌బాల్ జట్టు ఆ తరువాత మరి ఏనాడూ ఒలింపిక్స్ ముఖ్య పోటీలలో ఆడలేదు, ఆసియా క్రీడలలో స్వర్ణం తేలేదు. 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆయన పోసిన నారులోని చివరి పంట అది అని మేము భావిస్తున్నాము.

మడి ఎందుకు ఎండింది? గురువు పోవడం ఒక్కటే కారణమని చెప్పి తప్పుకోవడం సులభం. మాకు మరొకటి తోస్తున్నది. అమెరికాలో పిల్ల జట్టులో పెరిగినవాని మీద పెంచిన జట్టుకు హక్కు ఉంటుంది. వాడు ఇంకొకరి వద్దకు పోయినా ప్రతిఫలం దక్కుతుంది. హైదరాబాదులో నారు మనది, కోత కలకత్తాది. ఉత్తమ ఆటగాళ్ళు ఒకరి తరువాత ఒకరుగా తరలిపోయారు. వారిని తప్పుపట్టలేము, పేరూ జీవనోపాధీ అక్కడ ఎక్కువ. అయితే పెంచిన క్లబ్బులకు చేరినది ఏమీ లేదు. తిరిగి నారు పోయడానికి కావలసిన ఓపికా జీతం లేని కార్యదర్శి ఒక్కని భుజాలపై నిలిచింది. భుజాలు పోగానే అదీ పోయింది.

కామారెడ్డిలోను, ఎల్లారెడ్డిలోను సాయంకాలం ఏ మైదానానికి పోయినా ఆటలో నేర్పు గల కుర్రవాళ్ళు కనిపిస్తారు. కళాశాల జట్టు ఎంపిక రోజున పదకొండు మంది పేర్లు చదివి మిగిలినవారిని ఇంటికి పంపడం మన అలవాటు. పన్నెండవవాడు మొదలు ముప్పదవవాడు వరకు ఎవరన్నది ఏ రిజిస్టరులోనూ ఉండదు. మరుసటి సంవత్సరం పెద్దవారు పరీక్షలు వ్రాసి వెళ్ళిపోగానే మొదటి నుండి వెతుకులాట. క్రీడా నిధిలో రెండవ జట్టు బూట్లకు ఒక పద్దు ఉండాలని కళాశాల కమిటీవారికి మేము సవినయంగా మనవి చేస్తున్నాము.

బలరాం విషయం చెప్పి విరమిస్తాము. 1957లో ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు వెళ్ళిన ఆయన, గురువు మరణించిన 1963లోనే అనారోగ్యం వలన ఆట మానవలసి వచ్చింది. అప్పటికి ముప్పది ఏండ్లు నిండలేదు. శేష జీవితం హుగ్లీ నది ఒడ్డున ఉత్తరపాడాలో గడిపి, 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూశారు. అమ్ముగూడకు తిరిగి రాలేదు.