ఉస్మాన్ సెంబేన్

పశ్చిమాఫ్రికాయందలి సెనెగల్ దేశమున, కాసమాన్స్ సీమలోని జిగించోర్ పట్టణమందు 1923లో ఒక జాలరి యింట ఉస్మాన్ సెంబేన్ జన్మించెను. నాడా దేశము ఫ్రెంచివారి యేలుబడిలో నుండెను. బాలునకు చదువు సాగలేదు. డకార్ నగరము చేరి తాపీపని మొదలుగా చేతికందిన పనులెల్ల చేసెను. 1944లో ఫ్రెంచి సైన్యమున చేర్పబడెను. ఆ యేడే డిసెంబరు 1న, డకార్ చెంత తియారాయ్ శిబిరమున, జర్మనుల చెర వీడి వచ్చి జీతపు బకాయిలు కోరిన ఆఫ్రికా సిపాయిలపై ఫ్రెంచి సేన తుపాకులు కాల్చెను. సెంబేన్ దానిని మరువలేదు. 1988లో మరియొక దర్శకునితో కలిసి ఆ ఘోరమునే చిత్రముగా తీసెను.

యుద్ధానంతరము సముద్రము దాటి మార్సేయ్ రేవున సరకులెత్తు కూలియయ్యెను. వెన్నుకు దెబ్బ తగిలెను. కార్మికసంఘపు గ్రంథాలయమే అతని కళాశాల. 1956లో రేవుకూలీని గూర్చియు, 1960లో డకార్ రైలు కార్మికుల సమ్మెను గూర్చియు నవలలు వెలువరించెను.

ఇచ్చట నొక చిక్కు వచ్చెను. అతడు వ్రాసినది ఫ్రెంచిలో. ఎవరి కథ వ్రాసెనో వారిలో నధికులకు చదువరాదు. పరాయిభాషలో పాఠము చెప్పి పిల్లల మొగములు చూచిన ఉపాధ్యాయులకు దీనిని వేరుగ వివరింప నక్కరలేదు. నలువదియేండ్లు సమీపించుచుండగా, 1962లో, సెంబేన్ మాస్కోకు పోయి గోర్కీ స్టూడియోలో మార్క్ దొన్‌స్కోయ్ వద్ద విద్యార్థిగా కూర్చుండెను. అంతకుముందు 1934 నాటి లావాల్ శాసనము వలన ప్రభుత్వానుమతి లేక ఫ్రెంచి ఆఫ్రికాలో చిత్రము తీయరాకుండెను. అందుచేతనే పోలాఁ వియేరా ప్రభృతులు 1955లో తమ లఘుచిత్రమును పారిస్ వీథులలో తీసికొనిరి.

1963 నాటి బోరోమ్ సారెట్ ఇరువది నిమిషముల చిత్రము. డకార్‌లో నొక గుఱ్ఱపుబండివాని ఒకనాటి బ్రదుకే కథ. బాడుగ ఇయ్యనివారే యెక్కువ. వచ్చిన కొలదిపాటి డబ్బును, తన పూర్వుల ఘనత పాడిన గాయకునకు ధారపోయును. శిశువు శవముతో బండి యెక్కిన తండ్రికి, కాగితములు సరిలేవని, శ్మశానమున ప్రవేశము దొరకదు. తుదకొక సూటుధారి వానిచే, బండ్లకు నిషిద్ధమైన దొరల పేటలోనికి బండి తోలించును. పోలీసు బండిని జప్తు చేయును. బండివాని పతకము నేలబడగా దానిని బూటుకాలితో త్రొక్కును. స్వాతంత్ర్యము వచ్చి మూడేండ్లయినది; త్రొక్కినవాడు ఫ్రెంచివాడు కాడు. ఆ యొక్క అడుగులోనే చిత్రమంతయు నున్నదని నా తలంపు.

1966లో తీసిన చిత్రమున జువానా యను పనిపిల్ల దొరసానిని నమ్మి ఫ్రాన్సునందలి ఆంటీబ్‌కు పోవును. ఫ్రాన్సు చూతునని పోయిన పిల్ల ఆ యింటి గోడలు దప్ప చూడదు. తుదకచ్చటనే ప్రాణము విడుచును. యజమాని ఆమె జీతమును, ఆమె యొకనాడు బహూకరించిన కొయ్యముఖమును డకార్‌కు తెచ్చును. తల్లి డబ్బు ముట్టదు. ఒక బాలుడు ఆ కొయ్యముఖము ధరించి మాటలాడక అతని వెన్నంటి నడచును. ఆ చిత్రమును ఫ్రెంచిలోనే పలికెను. 1968లో మనియార్డరు కథయైన మందాబితో వోలోఫ్ భాష తెరపై వినవచ్చెను. చదువురాని బండివాడును ఇక అర్థము చేసికొనగలడు.

1977 నాటి సెడ్డో చిత్రమును స్వదేశముననే నిషేధించిరి. చూపిన కారణము విచిత్రము: పేరులో డకారమునకు ద్విత్వము కూడదట! దేశాధ్యక్షుడు సెంఘోర్ కవి, భాషావేత్త. ఒక్క అక్షరము కొట్టివేసిన సరిపోయెడిది. సెంబేన్ కొట్టివేయలేదు. 2004లో, ఎనుబది దాటిన పిమ్మట, మూలాదే అను చిత్రము తీసి, 2007 జూన్ 9న డకార్‌లో కన్నుమూసెను.