చేతిపనికి అండ – కమలాదేవి ఛటోపాధ్యాయ

కమలాదేవి 1903 ఏప్రిల్ 3న మంగుళూరులో ఒక సారస్వత కుటుంబంలో జన్మించింది. తండ్రి అనంతయ్య ధారేశ్వర్ ఉన్నతాధికారి. ఆమెకు ఏడేళ్ళ ప్రాయంలోనే ఆయన వీలునామా రాయకుండా కన్నుమూశాడు. ఆస్తి యావత్తూ మొదటి భార్య కుమారునికి చెందింది. ఇస్తామన్న భరణాన్ని తల్లి గిరిజాబాయి నిరాకరించి, పుట్టింటివారిచ్చిన సొమ్ముతోనే కూతురిని పెంచింది. ఒకరి దయమీద బతకకూడదన్న పట్టుదల కమలాదేవికి తల్లినుండే అబ్బింది.

పద్నాలుగో ఏట వివాహం, రెండేళ్ళకే వైధవ్యం. అయినా ఆమె మద్రాసు క్వీన్ మేరీస్ కళాశాలలో చదువు సాగించింది. సరోజినీనాయుడు సోదరుడైన హరీంద్రనాథ్ ఛటోపాధ్యాయను పునర్వివాహం చేసుకొని, ఆయనతో కలిసి రంగస్థలమెక్కింది. మర్యాదస్తుల ఇళ్ళ స్త్రీలు నాటకాలాడని కాలమది. 1926లో మద్రాసు శాసనమండలి ఎన్నికలలో పోటీచేసి స్వల్ప తేడాతో ఓడిపోయింది. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో స్త్రీలకూ చోటుండాలని గాంధీజీని ఒప్పించింది. బొంబాయి వీధులలో ఉప్పు పొట్లాలమ్మి కారాగారానికి వెళ్ళింది.

స్వాతంత్ర్యం వచ్చాక ఆమె అధికార పదవులకు దూరంగా నిలిచింది. దేశవిభజనతో నిరాశ్రయులై వచ్చినవారికోసం 1948లో భారత సహకార సంఘాన్ని స్థాపించింది. వారిలో చేతిపని తెలిసినవారెందరో ఉన్నారు. వారికి కావలసింది దానం కాదు, పని. సరకు తయారుచేసినవాడికి దళారి చేతిలో పడకుండా ధర ముట్టాలి. ఈ ఆలోచనే ఆమెను హస్తకళలవైపు నడిపింది. 1952లో ఏర్పడిన అఖిలభారత హస్తకళల బోర్డుకు ఆమె అధ్యక్షురాలయింది. (ఆ బోర్డును కేంద్రప్రభుత్వం 2020లో రద్దుచేసింది.) భారీ యంత్రాలే ప్రగతికి గుర్తులని దేశం నమ్ముతున్న రోజులలో, కుమ్మరి చక్రానికీ నేతమగ్గానికీ భవిష్యత్తు ఉందని వాదించడానికి సాహసం కావాలి. ఆ వాదనను ఆమె కాగితాలమీద నడపలేదు. ఊరూరా తిరిగి కళాకారులను వెతికింది.

నేటి తిరుపతి జిల్లాలోని శ్రీకాళహస్తి కలంకారీ అప్పటికి కొనవూపిరితో ఉంది. రామాయణ, భారత కథలనూ స్థానిక గాథలనూ గుడ్డమీద గడులు గడులుగా చిత్రించి, ప్రక్కన తెలుగులో వివరం రాయడం ఇక్కడి పద్ధతి. ఆ తెరలు దేవాలయాలలో వేలాడేవి. చదువురానివారు బొమ్మలు చూసి కథ తెలుసుకొనేవారు. మిల్లులలో అచ్చువేసిన చౌక గుడ్డలు వచ్చిపడటంతో, జమీందారుల ఆదరణ కరవవడంతో కలం పట్టేవారు వేరే బతుకుతెరువు చూసుకొన్నారు.

ఈ పనిలో తొందరకు తావులేదు. ముందుగా నూలుగుడ్డను గంజి పోయేలా ఉతికి, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగును ప్రక్కకు పాకనివ్వదు. వెదురుపుల్లకు గుడ్డపేలిక చుట్టి దారంతో బిగిస్తే అదే కలం. ఇనుపముక్కలను బెల్లపు నీటిలో వారాల తరబడి పులియబెట్టి కసిమి తయారుచేస్తారు. ఆ కసిమి గుడ్డకు పట్టిన కరక్కాయ వగరుతో కలిసి నల్లని గీతగా మారుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక నీరు పూసి, వేళ్ళతో చేసిన రంగునీటిలో గుడ్డను ఉడికిస్తారు. నీలానికి నీలిమందు, పసుపుపచ్చకు కరక్కాయ పువ్వు, దానిమ్మ తొక్కలు. మధ్యమధ్య పారేనీటిలో ఉతకాలి. స్వర్ణముఖి ఎండితే పనీ ఆగేది. పాలు మొదలు పువ్వుదాకా అన్నీ చుట్టుప్రక్కల దొరికేవే.

ఇంత శ్రమకు వారసులు లేకపోతే ఒక తరంతోనే విద్య అంతరిస్తుంది. ఆ ప్రమాదాన్ని కమలాదేవి గుర్తించింది. ఆమె ప్రోత్సాహంతో 1950వ దశకం చివర శ్రీకాళహస్తిలో ప్రభుత్వ శిక్షణకేంద్రం వెలిసింది. సంప్రదాయం తెలిసిన జొన్నలగడ్డ లక్ష్మయ్య గురువుగా కుదిరాడు. నేర్చుకొనే యువకులకు భృతి ఏర్పాటైంది. భృతి లేనిదే పేదయింటి పిల్లవాడు నెలల తరబడి కలం పట్టి కూర్చోలేడు కదా! కళ అద్దాలపెట్టెలో కాక నిత్యజీవితంలో ఉండాలని ఆమె కోరిక. గుడితెరల మీది బొమ్మలు క్రమంగా చీరల కొంగులమీదికీ పైటలమీదికీ వచ్చాయి. కథ కురచయింది, కాని కొనేవారు పెరిగారు.

1966లో ఆమెకు మెగసెసే పురస్కారం, 1987లో పద్మవిభూషణ్ లభించాయి. 1988 అక్టోబరు 29న బొంబాయిలో ఆమె కన్నుమూసింది. లక్ష్మయ్య కుమారుడు గురప్పశెట్టి కలంకారీలో చేసిన కృషికి 2008లో పద్మశ్రీ అందుకొన్నాడు.