పదకొండు రూపాయల పది అణాల ఎనిమిది పైలు

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి అనగానే మనకు 2019లో వచ్చిన సినిమా, గుర్రం, కత్తి గుర్తొస్తాయి. నాకు మాత్రం ఆయన కథలో కత్తి కంటే ఒక లెక్క ఎక్కువ ముఖ్యం అనిపిస్తుంది.

ఆయన తాత జయరామిరెడ్డి నొస్సం పాలెగాడు. 1800లో నిజాం మన సీమను కంపెనీకి ఇచ్చేశాక, మన్రో పాలెగాళ్ల అధికారం తీసేసి రైతుల నుంచి నేరుగా శిస్తు వసూలు మొదలుపెట్టాడు. పాలెగాళ్ల కుటుంబాలకు భరణం మిగిలింది. దాన్నే తవర్జీ అనేవాళ్లు. పంపకాలన్నీ అయ్యాక నరసింహారెడ్డి వాటాకు వచ్చింది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైలు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. లెక్కేసి చూడండి, సరిగ్గా 35 రూపాయల్లో మూడో వంతు!

అయితే ఆ తవర్జీ కోసమే తిరుగుబాటు జరిగిందంటే నేనొప్పుకోను. అదొక్కటే అయితే ఆయన వెనక వేలమంది ఎందుకు నడుస్తారు? ఊళ్లకు కాపలా కాసే కట్టుబడి వాళ్ల మాన్యాలను కంపెనీ లాగేసుకుంది. వానల మీదే బతికే ఈ నేలలో మాన్యం పోతే ఇంక తినేదేముంది? ఆయనకు భరణం ఎంతో, వాళ్లకు మాన్యం అంత.

1846 జూలైలో వాళ్లంతా కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. గిద్దలూరు దగ్గర వాట్సన్ దళంతో పోరు జరిగింది. నల్లమలలో దాక్కుంటూ, ఊరి జనం అన్నం పెడుతుంటే మూడు నెలలు నిలబడ్డారు. కడప కలెక్టర్ కాక్రేన్ ఆయన తలకు వెల కట్టాడు. చివరికి అక్టోబర్ 6న పేరుసోమల కొండ మీద దొరికిపోయాడు.

దాదాపు వెయ్యిమందిపై వారెంట్లు. 112 మందికి శిక్షలు పడ్డాయి. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో రెండు వేలమందికి పైగా చూస్తుండగా ఆయన్ను ఉరితీశారు. తలను కోట మీద వేలాడదీసి 1877 దాకా అట్లే ఉంచారు. అంటే ఆ ఏడు పుట్టిన పిల్లోడికి ముప్పై ఏళ్లొచ్చి, సీమలో పెద్ద కరువు నడుస్తున్నప్పుడు కూడా ఆ తల అక్కడే ఉంది. చచ్చిపోయిన మనిషికి తెల్లదొరలు అంతలా భయపడ్డారన్నమాట.

2021లో ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. మంచిదే. కానీ శిక్ష పడిన ఆ 112 మందిలో మనకు ఒక్క పేరైనా తెలుసా? వాళ్ల ఊళ్లలోంచే కదా మనలో చాలామందిమి కాలేజీకి వచ్చింది.